మీ ప్రశ్నపత్రంలో వాయిస్ మెసేజికి గడి లేదు

సోషల్ మీడియా మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులకు, రీసెర్చ్ స్కాలర్లకు, ఆ పరిశోధనలకు నిధులిచ్చే పెద్దలకు

నమస్కారం.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఆ రోడ్డు మీద 2009 నుంచి నాకో మొబైల్ రిపేరు కొట్టుంది. డిస్‌ప్లే మార్చడం, చార్జింగ్ పిన్ను వేయడం, రీచార్జి చేయడం బోర్డు మీద రాసిన పనులు. రాయని పని ఇంకోటుంది. "బావూ, ఇదేటో సూడు" అని ఎవరైనా ఫోన్ చేతిలో పెడితే చూసి చెప్పడం. దానికి డబ్బులు తీసుకోను. రోజులో సగం దానికే పోతుంది.

పోయిన వానాకాలం ఇద్దరు విద్యార్థులు వచ్చారు. ఏదో పెద్ద నగరంలో పెద్ద కాలేజీ. పేరు చెప్పను, పిల్లలు మంచివాళ్లు. సోషల్ మీడియా వల్ల మనుషుల్లో ఒంటరితనం పెరుగుతోందా అని సర్వే చేస్తున్నామన్నారు. కొట్టుకొచ్చేవాళ్లను నాలుగు ప్రశ్నలు అడుగుతామంటే బెంచీ చూపించాను. ట్యాబ్‌లో ప్రశ్నలు ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉన్నాయి. ఒడియా లేదు, తెలుగు అసలే లేదు. దాంతో ఆ పూటకి నేనే దుబాసీని.

మొదటి గిరాకీ మా వీధి చివరి చిన్నమ్మ. అరవై దాటాయి. మనవడితో, వాడి ఫోన్ పట్టుకుని వచ్చింది. ముందు సమ్మతి పత్రం అన్నారు. నాలుగు పేజీల ఇంగ్లీషు, కింద వేలితో సంతకం. చిన్నమ్మ వేలు పెట్టబోతూ నా వైపు చూసి, "మధుబాబు పింఛనుకేనా బావూ?" అంది. అది ఒడిశా సర్కారిచ్చే పింఛను. దానికి కాదని చెప్పాను. "మరెందుకూ?" అంది. ఆ మాటకి మా ముగ్గురిలో ఎవరి దగ్గరా ఆమెకి అర్థమయ్యే జవాబు లేదు. అయినా సంతకం పెట్టింది, పిల్లలు చిన్నబుచ్చుకుంటారని.

మొదటి ప్రశ్న, గత వారం రోజుల్లో మీరు ఎంత తరచుగా ఒంటరిగా ఉన్నట్టు అనిపించింది? ఎప్పుడూ లేదు, అరుదుగా, కొన్నిసార్లు, తరచుగా. ఇందులో ఒకటి ఎంచుకోవాలి. నాకు తోచినట్టు "ఒంటిగా ఉన్నావేటి చిన్నమ్మా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "ఒంటిగేటి బావూ, పెద్దోడు, కోడలు, ముగ్గురు గుంటలు. ఇంట్లో కాలు పెట్టడానికి సోటు లేదు" అంది. "ఎప్పుడూ లేదు" అన్న గడిలో టిక్కు పడింది. రెండో ప్రశ్న, రోజుకి ఎన్ని గంటలు సోషల్ మీడియా వాడతారు? ఫోన్ తనది కాదంది. అంతే, "వాడుకరి కాదు" అని తేలిపోయి సర్వే దానంతటదే మూసుకుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

విద్యార్థులు పక్కన చెరుకు రసం తాగడానికి వెళ్లాక చిన్నమ్మ వచ్చిన పని చెప్పింది. సూరత్‌లో మగ్గాల మీద పనిచేసే చిన్నకొడుకు వాయిస్ పెట్టాడు, స్పీకర్ పోయి వినపడడం లేదు. స్పీకర్లో దుమ్ము, బ్రష్‌తో తీశాను. కొట్టులో మూలకి పోయి చెవికి ఆనించుకుని మూడుసార్లు వింది. నలభై సెకండ్ల మెసేజి. ఫోన్ మనవడికిచ్చేస్తూ నాతో అంది: "ఆడి గొంతు ఇనకపోతే ఆ దినం ఇల్లంతా ఉన్నా ఒంటిగున్నట్టే ఉంటాది."

ఆ మాట ఏ గడిలో పడుతుందో మీరే చెప్పండి. నేను ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మీ పరిశోధనలు నాకెలా తెలుసని మీకు అనిపించవచ్చు. మా మేనకోడలు బరంపురంలో సోషియాలజీ పీజీ చదువుతోంది. సెలవులకొచ్చినప్పుడు పేపర్లు చదివి చెబుతుంది, నేను అడ్డుప్రశ్నలు వేస్తాను. రాత్రిపూట గిరాకీ లేనప్పుడు నేనూ ఫోన్లోనే చదవడం అలవాటు చేసుకున్నాను. అర్థం కాని లెక్కలు వదిలేస్తాను, ఎవర్ని అడిగారు, ఎలా అడిగారు అన్నది మాత్రం వదలను. రిపేరు పనిలో కూడా అంతే. ఫోన్ ఎలా పాడైందో తెలియకుండా విప్పకూడదు.

2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారం పాటు 6,89,003 మంది మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి స్నేహితుల సంతోషపు పోస్టులు తగ్గించి చూపించారు, కొందరికి బాధ పోస్టులు తగ్గించారు. దాన్ని బట్టి వాళ్లు రాసే మాటలు మారతాయా అని చూశారు. మారాయి, కానీ ఎంత? వెయ్యి మాటలు రాస్తే ఒకటి అటూ ఇటూ అయినంత. 2014లో అది పరిశోధన పత్రికలో వచ్చాక పెద్ద గోల అయింది, మమ్మల్ని అడక్కుండా మా మనసుతో ఆడతారా అని. న్యాయమైన గోలే. నన్ను ఆపింది మాత్రం వేరే విషయం. ఫేస్‌బుక్‌ని ఇంగ్లీషులో వాడేవాళ్లనే ఆ లెక్కలోకి తీసుకున్నారు. అంటే దాదాపు ఏడు లక్షల మందిలో మా చిన్నమ్మ లాంటివాళ్లు ఒక్కరు కూడా ఉండే వీల్లేదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అబ్బాయి ఒడియా మీడియంలో చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. పాతపట్నంలో మా బావమరిది కొడుకు తెలుగు మీడియం, వాడికి ఒడియా అక్షరాలు రావు. ఇద్దరికీ రోజూ చాటింగ్ ఉండాల్సిందే. ఏం చేస్తారు? తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. "ఎక్కడున్నావురా" అన్న ఒక్క మాటని వాళ్లిద్దరూ ఐదు రకాలుగా రాయడం నేను చూశాను. మా పెద్దమ్మ ఇంకో మెట్టు పైన, తెలుగు మాటల్ని ఒడియా అక్షరాల్లో రాస్తుంది. ఇదంతా మీ యంత్రాలకి ఏ భాషగా కనబడుతుంది? మేనకోడలు అంటుంది, లెక్కలోంచి తీసేసే చెత్త కుప్పలోకి పోతుందట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, పర్లాకిమిడి అటు కలిసినప్పుడు మేం ఊరు కదల్లేదు, గీతే కదిలింది. ఇప్పుడు మళ్లీ ఇంకో గీత, మీ డేటాలో.

పైగా చదువు తక్కువున్నవాళ్లు రాయనే రాయరు. గొంతే. నా కొట్టుకి వచ్చే ఆడవాళ్ల ఫోన్లలో రాసిన మెసేజిలకంటే నీలం రంగు మైకు బొమ్మలే ఎక్కువ. వాయిస్ పెట్టడం, గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మ పంపడం, స్టేటస్‌లో పాట పెట్టడం. "అన్నా, ఈ స్టేటస్ మా అత్తకి కనబడకుండా సెయ్యి" అని నెలకి నలుగురైనా అడుగుతారు. ప్రైవసీ అంటే వాళ్లకి అమెరికా కంపెనీ కాదు, వంటింట్లో ఉన్న అత్తగారు. ఇది కూడా రాసుకోండి, పనికొస్తుంది.

ఇక ఫోన్ వాడితే మనసు పాడవుతుందా అన్న మీ పెద్ద తగువు. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ ప్రిబిల్స్కీ అనే ఇద్దరు పరిశోధకులు 3,55,358 మంది కౌమార వయసు పిల్లల సమాచారం తీసుకుని చూస్తే, పిల్లల క్షేమంలో ఉండే తేడాల్లో డిజిటల్ వాడకం లెక్క 0.4 శాతం మించలేదట. బంగాళదుంపలు తినడానికి ఉన్న సంబంధం కూడా ఇంచుమించు అంతేనని తేల్చారు. (ఒడిశాలో ఉంటూ బంగాళదుంపని తీసిపారేసినట్టు మాట్లాడడం కష్టం, అది లేకుండా ఇక్కడ కూర దిగదు.) ఇంకోవైపు 2024 నవంబరులో ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు వద్దని చట్టమే చేసేసింది. ఎవరు కరెక్టో నేను చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. ఎన్ని గంటలు వాడతారని మనిషిని అడిగితే వచ్చే జవాబు, ఫోన్ చూపించే లెక్కతో సరిగ్గా కలవదని 2021లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసినవాళ్లు తేల్చారు. నా కొట్టులో అది రోజూ కనబడుతుంది. "గంట కూడా సూడను" అన్నవాడి బ్యాటరీ సెట్టింగు తీస్తే ఐదు గంటలు. ఆ ఐదు గంటలు కూడా అతనివి కావు. పొద్దున అతను, మధ్యాహ్నం పెళ్లాం, సాయంత్రం పిల్లలు. ఒక ఫోన్ అంటే ఒక మనిషి అనుకుని మొదలుపెట్టిన లెక్క ఎంత పెద్దదైనా ఏం లాభం?

2018లో అమెరికాలో కొందరు ఆర్థికవేత్తలు ఇంకో పని చేశారు. ఎన్నికల ముందు జనానికి డబ్బులిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు. ఆపినవాళ్లకి రోజుకి గంట మిగిలింది, కాస్త హాయిగా ఉన్నారు, రాజకీయ పంతాలు తగ్గాయి, వార్తలు తెలియడం కూడా తగ్గింది. మంచి ప్రయోగమే. దాన్ని ఇక్కడ చేయాలనుకుంటే ఒక్క మాట, చిన్నమ్మకి ఎంతిచ్చి ఆ మైకు బొమ్మ ఆపిస్తారు?

అలాగని ఫోన్ మంచిదే అని వకాల్తా పుచ్చుకోవడం లేదు. నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు మా వైపూ వచ్చింది. అందరికీ వచ్చినట్టు ఫొటోలు, వీడియోలు వచ్చాయి, వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మమ్మల్ని పట్టుకున్నది ఒక వాయిస్. ఎవరో ఆడమనిషి, అచ్చం మా శ్రీకాకుళం యాస. వెనకాల కోడి అరుపు, పళ్లేం చప్పుడు. "మా ఊల్లో గుంటని ఎత్తుకుపోనారమ్మా, మీ గుంటలు జాగర్త" అంటోంది, గొంతు వణుకుతోంది. ఏ ఊరో చెప్పలేదు. ఊరు చెప్పలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఎందుకంటే ఆ గొంతు మా పిన్ని గొంతులా, అత్త గొంతులా ఉంది. నేను కూడా రెండు గ్రూపుల్లో పెట్టాను. మర్నాడు సాయంత్రం దుప్పట్లు అమ్ముకునే ఒకతన్ని మా వీధిలో చుట్టుముట్టారు. వచ్చీరాని హిందీ, భుజాన మూట. పక్క కిరాణా కొట్టాయన, నేను కలిసి అతన్ని లోపలికి లాగి షట్టరు దించాం. పోలీసులు వచ్చేదాకా ముప్పావుగంట. బయట షట్టరు మీద కొడుతున్నవాళ్లలో ఆ వాయిస్ నా దగ్గర్నుంచే విన్నవాళ్లున్నారు. అతను లోపల నేల మీద కూర్చుని మూట ఒళ్లో పెట్టుకుని మంచినీళ్లు అడిగాడు. గ్లాసు పట్టుకున్న చెయ్యి నాదే ఎక్కువ వణికింది.

ఆ జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇదే పుకారుకి ఐదుగురిని కొట్టి చంపేశారు. మాకు అదృష్టం, అంతే. ఆ నెలలోనే వాట్సాప్ ఇండియాలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్లకి మించి పంపకుండా చేసింది. అప్పట్లో ఒక గ్రూపులో 256 మంది ఉండొచ్చు. ఐదు గ్రూపులంటే 1,280 మంది. మా వీధికి అంతమంది అక్కర్లేదు. ఈ హద్దుల వల్ల పుకారు ఆలస్యమవుతుంది కానీ బాగా అంటుకున్నది ఎలాగూ చేరిపోతుందని తర్వాత పరిశోధకులే తేల్చారు. సుమిత్ర బద్రీనాథన్ అనే పరిశోధకురాలు 2019 ఎన్నికలప్పుడు బీహార్‌లో 1,224 మంది దగ్గరికి మనుషుల్ని పంపి, అబద్ధపు వార్తని ఎలా పట్టుకోవాలో గంటసేపు నేర్పించి చూస్తే పెద్ద మార్పేమీ కనబడలేదు. గంట చెబితే మారేదైతే మా అమ్మ ఎప్పుడో మారేది. అయినా ఆ పరిశోధన నాకు నచ్చింది, ఇంటి గుమ్మం దాకా వచ్చి అడిగారు కాబట్టి.

నేను అడిగేది ఏంటంటే, యాస మీద ఎవరైనా పనిచేశారా? మనవాళ్ల గొంతులా వినబడితే చాలు, నమ్మేయడం. రాసిన వార్తని అనుమానించేవాడు కూడా గొంతుని అనుమానించడు. మా దగ్గర పుకారు పాకే దారి అదే, ప్రేమ పాకే దారీ అదే.

ప్రేమ పాకే దారికీ ఒక సాక్ష్యం ఉంది. ఆ 2018లోనే అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. కరెంటు లేదు, టవర్లు లేవు. నేను జనరేటర్ పెట్టి చార్జింగ్‌కి ఫోన్లు తీసుకున్నాను, నేలంతా ఫోన్లే. కొన్ని రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఎక్కడో ఒక టవరు లేచింది. నేల మీదున్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగడం మొదలుపెట్టాయి. చాలా సేపు మోగుతూనే ఉన్నాయి. ఆ గదిలో ఉన్నవాళ్లెవరూ నోరెత్తలేదు. ఒకావిడ ఫోన్లో కొడుకు రోజుకొకటి చొప్పున పెట్టిన వాయిస్‌లు వరసగా ఉన్నాయి. మొదటి రోజు "అమ్మా, గాలి ఎలగుంది?" ఆఖరిది ఒట్టి ఏడుపు. వాటిని వరసలో వినిపించమంది. ఆఖరిది వినిపించాక, ఇంకోసారి మొదట్నించి అంది.

ఉద్యోగాల విషయం కూడా ఒక్క మాట. దగ్గరివాళ్లకంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగాలు ఎక్కువ దొరుకుతాయని మార్క్ గ్రానవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో రాశాడు. 2022లో ఉద్యోగాల కోసం వాడే లింక్డ్‌ఇన్ సైటులో రెండు కోట్ల మంది మీద చూసి అది చాలా మటుకు నిజమేనన్నారు. ఇక్కడ నాకు కనబడేది తిరగేసి ఉంది. గ్రూపులో ముఖపరిచయం వాడు పెట్టిన "ప్యాకింగ్ పని, రూము ఫ్రీ" మెసేజి నమ్మి మా పక్కింటి కుర్రాడు మూడు వేలు పంపాడు, నంబరు మర్నాడు స్విచ్చాఫ్. అందుకే పని మాట ఎవరు మోసుకొచ్చినా మేనమామో బావో పూచీ పడితేనే కదులుతారు. ఇక మనిషి నిలుపుకోగల సంబంధాలు 150 అని రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త చెప్పిన సంఖ్య విని మేనకోడలూ నేనూ చాలాసేపు నవ్వుకున్నాం. 150 మందితో అయితే మా దగ్గర దాన్ని పెళ్లి అనరు, నిశ్చితార్థం అంటారు. పిలుపు వాట్సాప్‌లో పెట్టి ఊరుకున్నాడని మా పెదనాన్న కొడుకు కుటుంబం గ్రూపులోంచి లెఫ్ట్ అయి మూడేళ్లయింది. ఇప్పటికీ మాటల్లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీకిప్పుడు దారులు మూసుకుపోతున్నాయి. 2023లో ట్విట్టర్ పరిశోధకులకి ఉచితంగా డేటా ఇవ్వడం ఆపేసింది. ఫేస్‌బుక్‌లో ఏం పాకుతోందో చూపించే క్రౌడ్‌టాంగిల్ అనే పరికరాన్ని 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ యజమాని కంపెనీ మెటా మూసేసింది. మావాళ్ల బతుకంతా ఉన్న వాట్సాప్‌కి 2016 నుంచి తాళం ఉంది, పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప లోపలిది కనబడదు. ఆ తాళం ఉండాల్సిందే, కోడలి మాట అత్తకి తెలియకూడదు. అంటే మీకు మిగిలింది రోడ్డు దారి. బస్సెక్కి వచ్చి, బెంచీ మీద కూర్చోవడం.

ఇది కొత్త పనేం కాదు. డేనియల్ మిల్లర్ అనే లండన్ ఆచార్యుడి బృందంలో తొమ్మిదిమంది మానవశాస్త్రవేత్తలు తొమ్మిది చోట్ల పదిహేనేసి నెలలు ఉండి, జనం ఏం పోస్టు చేస్తారో, ఎందుకు చేస్తారో చూశారు. అందులో ఒక చోటు తమిళనాడులో ఉంది. అంతకంటే చాలా ముందు మా ఊళ్లోనే ఒక బడిపంతులు ఆ పని చేశాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెబుతూ, కొండల్లోని సవరల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి పుస్తకం లేదు, లిపి లేదు. సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, వాళ్లతో తిరిగి, ఏళ్ల తరబడి విని రాసుకున్నారు. వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో వచ్చింది. సవరలు ఎలా మాట్లాడాలో ఆయన చెప్పలేదు, ఎలా మాట్లాడుతున్నారో విన్నారు. తెలుగు విషయంలోనూ ఆయన పోట్లాట అదే కదా.

వచ్చేటప్పుడు ప్రశ్నలు తెలుగులో తెండి. పుస్తకం తెలుగు కాదు, మా తెలుగు. సమ్మతి పత్రం చదివించడం కాదు, నోటితో చెప్పి, "వద్దు" అనడానికి ఒక రోజు టైమివ్వండి. మావాళ్లు మొహం మీద వద్దనలేరు. ఫోన్ ఎవరిదని అడక్కండి, ఎవరెవరు వింటారని అడగండి. ఏం తేలిందో మళ్లీ వచ్చి చెప్పండి. పోయిన వానాకాలం వచ్చిన పిల్లలు నంబరు రాసుకున్నారు, ఇప్పటిదాకా మెసేజి లేదు. చిన్నమ్మ రెండుసార్లు అడిగింది, "ఆ గుంటలు పాసయినారా?" అని.

విశాఖ–గుణుపురం పాసింజరు మా ఊళ్లో ఆగుతుంది. స్టేషన్ బయట ఆటోవాళ్లకి పాతపట్నం రోడ్డులో ఫోన్ రిపేరు కొట్టంటే దింపుతారు. చిన్నమ్మ కొడుకు జీతం పంపిన మర్నాడు పెద్ద వాయిస్ పెడతాడు, ప్రతి నెలా పదో తేదీకి అటూ ఇటూ. ఆ రోజుల్లో రండి. వచ్చిన రోజే ఏమీ అడక్కండి.

ఇట్లు,
మొబైల్ రిపేరు కొట్టాయన,
పర్లాకిమిడి